మిల్లు తెరిచాక

పాత బ్యాంకు నాలుగుంపావు అంటోంది,
కొత్త బ్యాంకు మూడున్నర.
మధ్యనున్న ముప్పావు శాతం
నెలకి నూట పన్నెండు యూరోలు:
మా చిన్నదాని ఫిడేలు పాఠాలు,
ఇంకా రెండు బస్తాల బొగ్గు.

అత్లోన్‌లో వాన.
లేనిరోజు చెప్పుకోవాలి గాని.
వంటింటి బల్ల మీద
ఎంత కడిగినా చేపల వాసన వదలని నా చేతులు,
వాటి కింద మూడు అంచనా కాగితాలు.
తాకట్టు ఒక గుమ్మం దిగి ఇంకో గుమ్మం ఎక్కాలంటే
మధ్యలో లాయరు చెయ్యి పట్టుకోవాలట.

మొదటాయనది డబ్లిన్‌లో అద్దాల మేడ.
ఆరు నిమిషాలకో లెక్క అన్నాడు.
అది విన్నాక
"ఎలా ఉన్నారు" అని అడగడానిక్కూడా
నాకు నోరు రాలేదు.

రెండో ఆవిడ చవక.
చవకకి కింద చిన్న అక్షరాల్లో ఓ తోక:
పన్ను వేరు, రిజిస్ట్రేషన్ వేరు,
దస్తావేజుల వెతుకులాట వేరు,
ప్రమాణపత్రం మీద సంతకానికి వేరు.
తోక కొలిస్తే పులికన్నా పొడుగు.

మూడో అమ్మాయి మ్విరన్ డెవనీ,
బూట్ల దుకాణం పైన ఒకటే గది.
"అన్నీ కలిపి పధ్నాలుగు వందల యాభై.
పెరిగేట్టుంటే ముందే చెప్తాను.
రాసిస్తాను."
రాసిచ్చింది.
కొత్త బ్యాంకు ఖర్చులకని పదిహేను వందలిస్తుంది,
కానీ పనంతా అయ్యాక.
అప్పటిదాకా నా సొంత చమురే.

నాలుగో కాగితం లేదు.
ఉండాల్సింది.
చర్చి వీధిలో ముసలి ఫెర్గల్ మలోయ్
నాన్న వీలునామా రాసినాయన,
అన్నల వాటాలు నేను కొనుక్కున్న రోజు
కలం మూత తీసి నా చేతికిచ్చినాయన.
ఆయన్ని అడగలేదు.
అడిగితే ఎంత చెప్పినా
కాదనలేనని.

"కొత్తొక వింత" అన్నాడు కహల్ టీ కలుపుతూ.
మిగతా సగం అనలేదు.
నా మొహం చూశాడేమో.

ఐదు వారాలకి పాత బ్యాంకు
ఇంటి కాగితాల కట్ట వదిలింది.
గులాబీ రంగు నాడా విప్పి
మ్విరన్ ఒక్కో పొర తీస్తోంటే
ఎవరిదీ కాని కాగితం ఒకటి జారింది.
"ఇది దస్తావేజు కాదు, మీరు ఉంచుకోవచ్చు."

ఎనభయ్యారు నాటి బిల్లు.
నాన్న పేరు. వృత్తి రుసుము: నూట నలభై పౌండ్లు.
దాని మీద నీలి సిరాతో అడ్డంగా ఒక గీత.
పక్కన వంకర అక్షరాలు:
"మిల్లు తెరిచాక చూద్దాం."

మిల్లు తెరవలేదు.
ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటారు.

శుక్రవారం, ఎప్పట్లాగే,
పొగబెట్టిన హాడక్ ముక్క కోసం ఆయన వచ్చాడు.
టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.
పెద్ద ముక్క తీసి
తూకం వెయ్యకుండానే కట్టబోయాను.

"వెయ్యి, సోరహా. లెక్క లెక్కే."

వేశాను.
చిల్లర ఒక్కొక్క నాణెం తడిమి తడిమి
కౌంటరు మీద పెట్టాడు.
"డెవనీ పిల్ల దగ్గరికి వెళ్లావట.
మంచి పని చేశావు.
చిన్న అక్షరాలు నాకిప్పుడు ఆనడం లేదు."

ఏదో అనాలి.
వెనక వరసలో ముగ్గురున్నారు,
ఐసు కరుగుతోంది.
"నిమ్మకాయ కావాలా" అన్నాను.

బిల్లు ఫిడేలు పెట్టెలో ఉంది,
రాళం ముద్ద కింద.
ఆనాటి నూట నలభై పౌండ్లు
వడ్డీతో ఇప్పటికి ఎంతయిందో
రెండు బ్యాంకుల్లో
దేన్నీ అడగలేదు.