ఉప్పు తగ్గించుకుంటూ

క్రిస్టియన్‌సుండ్‌లో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
రేవు వైపు కిటికీ తెరిస్తే
ఉప్పుచేప వాసన లోపలికొచ్చి కూర్చుంటుంది.
ల్యాబులో కిటికీ తెరవకూడదని రాసి ఉంది.
నేను తెరుస్తాను.

సీవెర్ట్‌కి ఆరేళ్లు.
జ్వరం తగ్గింది గానీ కళ్లలో పసుపు తగ్గలేదు.
వాడి రక్తాన్ని గాజు పలక మీద పలచగా లాగి
రంగు వేసి, ఆరనిచ్చి, నూనెచుక్క వేసి చూశాను.
బొటనవేలితో నొక్కిన పిండిబిళ్లలా
ఎర్రకణం నడుమ ఒక సొట్ట ఉండాలి, కాస్త వెలుగు ఉండాలి.
చాలావాటికి లేదు.
చిన్నగా, నిండుగా, గోలీల్లా ఉన్నాయి.
అందంగానే ఉన్నాయి.
ప్లీహంలోని ఇరుకు సందుల్లో దూరలేక
ఆ అందమంతా చితికిపోతుంది.

ఒంటి కాపలావాళ్లే కణాల మీద తిరగబడ్డారేమోనని
ముందు కూంబ్స్ పరీక్ష చేశాను. కాదు.
అయితే తప్పు పైపొరలో ఉంది.
కుట్టులో ఉంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా?"
తాత తూర్‌లైఫ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
పిత్తాశయంలో రాళ్లని
ఇరవై తొమ్మిదో ఏట కడుపు కోశారట.
కొడుకు నడిసముద్రంలో, చమురు వేదిక మీద;
వచ్చాక రక్తం ఇస్తాడు.
"మా అమ్మవీ పసుపు కళ్లే. కానీ అది వేరు."
వేరంటే?
కోడలు గోడ వైపు చూసింది.
"తాగేదని ఊరంతా అనేవాళ్లు."

ఆమె పేరు గున్వోర్. ఫొటో జేబులోనే ఉంది.
బండల మీద చేపలు ఆరబెట్టే ఆడవాళ్ల వరుసలో
చివరన, కాస్త ఎడంగా.
మబ్బు పడితే పరుగెత్తి చేపలు కుప్పెయ్యాలి.
ఆమె దారి మధ్యలో ఊపిరందక ఆగిపోయేది.
రాత్రిది ఇంకా దిగలేదని నవ్వేవాళ్లు.

"మీరెప్పుడైనా సీసా చూశారా?"
అడగకూడదు. అడిగేశాను.
"వెతికాను," అన్నాడు. "తొమ్మిదేళ్లప్పుడు.
పరుపు కింద, కట్టెల వెనక, పడవ అడుగున కూడా.
దొరకలేదు.
అంత బాగా దాచిందనుకున్నాను."

ఆ రాత్రి వాళ్లిద్దరి రక్తం,
పోలిక కోసం నాది,
ఒంటివేడిలో ఇరవై నాలుగు గంటలు.

మర్నాడు గొట్టాల వరుస.
మొదటిదాంట్లో నెత్తుటికి సరిపడా ఉప్పు,
పక్కదాంట్లో చిటికెడు తక్కువ,
అలా తగ్గించుకుంటూ పోతే చివర ఉత్త నీళ్లు.
ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క.
ఉప్పు తగ్గేకొద్దీ నీళ్లు కణంలోకి తోసుకొస్తాయి.
వదులున్న చొక్కా విందుభోజనాన్నైనా ఓర్చుకుంటుంది;
బిగుతుగా కుట్టింది రెండో ముద్దకే పిగులుతుంది.

నా కణాలు చాలా గొట్టాల దాకా
అడుగునే పడుకున్నాయి, పైన నీళ్లు తేట.
సీవెర్ట్‌వి మొదట్లోనే గులాబీ తిరిగాయి.
ఒక్క గొట్టం వెనకగా తాతవి.
మెరిసే రంగు పట్టించి లేజరు ముందు నడిపించినా అంతే:
ఇద్దరివీ రంగును సగం జారవిడిచినట్టు
మసకగా వెలిగాయి.

వంశపారంపర్య స్ఫీరోసైటోసిస్ అని రాశాను.
గున్వోర్‌కి నా కాగితంలో గడి లేదు.
పోయినవాళ్ల రక్తం నా బల్ల మీదికి రాదు.
ఈ కుట్టు తల్లి వైపుదో తండ్రి వైపుదో
నా గొట్టాలకి తెలియదు.
పసుపు కళ్లెవరివో చెప్పింది తూర్‌లైఫే.

డాక్టరు గదిలోంచి వాళ్లు బయటికొచ్చేసరికి
నేను గ్లవ్స్ విప్పుతున్నాను.
తలుపు దగ్గర ఆగి
"అయితే సీసా లేదు," అన్నాడు.
నేనేం అనలేదు. ఆయన అడగలేదు కూడా.
"ఏ సీసా?" అన్నాడు పిల్లాడు.
తూర్‌లైఫ్ టోపీ పెట్టుకుని
వాడి చెయ్యి పట్టుకున్నాడు.
"పద. వెలుగుండగానే
ఆ బండలు చూపిస్తాను."