ఎడమకి లాగే మనిషి

మా ఊరే అతనికి పరాయి దేశమని
తట్టడానికి నాకు మూడు కిలోమీటర్లు పట్టింది.

కోస్టల్ బ్యాటరీ దగ్గర, ఇంకా చీకటి,
బళ్లు రాకుండా బారికేడ్లు జరుపుతున్న హోంగార్డు
"ఏటో అడుగుతన్నాడమ్మా, నాకు తెలీట్లేదు" అని
నాకప్పగించాడు.
పొట్టి మనిషి, గట్టి పిక్కలు,
బూట్ల కుట్లలో బొగ్గునుసి.
ఎర్నెస్తో. బొగ్గు దింపుతున్న ఓడలో సెకండ్ ఇంజనీరు.
మనీలాకి అవతల ఏదో దీవి.
ఇద్దరి ఇంగ్లీషూ అరువుదే,
సిగ్గుపడే పని లేకపోయింది.

నేను కేజీహెచ్‌లో రక్తం సీసాల మధ్య రాత్రి గడిపి
తెల్లారి పరిగెత్తేదాన్ని.
ఎందుకు అని ఇంట్లో అడుగుతారు.
అతను అడగలేదు.
కిలోమీటరు ఎంతలో అని అడిగాడు.

పరిగెడుతూ ఎడమకి లాగేవాడు.
తిన్నటి రోడ్డు మీద అరడుగు అరడుగు జరిగి
నా భుజానికి తగిలి, సారీ అని
మళ్లీ లాగేవాడు, రిమ్ము వంగిన సైకిల్లా.
సబ్‌మెరైన్ దాటాక చెప్పాడు:
డెక్కు మీద చుట్టు రెండొందల యాభై మీటర్లు.
పది కిలోమీటర్లకి నలభై చుట్లు.
ఎప్పుడూ ఎడమకే తిరుగుడు.
లెక్క తప్పకుండా జేబులో పది నట్లు,
చుట్టుకొకటి ఆ జేబులోంచి ఈ జేబులోకి.
ఎనిమిది నెలలైందట
మలుపు లేని నేల తొక్కి.

హార్బర్లో కన్వేయరు చెడింది. ఓడ ఆగింది.
ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం.
పేర్ల నమోదు ఎప్పుడో అయిపోయింది.
మోకాలు పట్టేసిన మా హెడ్ నర్సు వరహాలమ్మ
తన నంబరు తీసిచ్చింది.
"పోనీ, నా పేరైనా పరిగెడతాది."

నట్లు నా చేతిలో పోశాడు,
ఇవాళ వీటితో పని లేదని.
నా నడుం సంచిలో అవి
ఋషికొండ దాకా గలగలమన్నాయి.

దారి పొడుగునా నీళ్లందించే కాలేజీ పిల్లలు
అతని గుండె మీద పేరు చదివి
"కమాన్ వరహాలమ్మా!" అని అరిచారు.
అతను ప్రతి ఒక్కరికీ చెయ్యెత్తాడు.

ఉక్క అతన్నేమీ చెయ్యలేదు.
ఇంజన్ రూములో నలభై అయిదు డిగ్రీలట.
జోడుగుళ్లపాలెం దాటాక ఎత్తు మొదలైంది,
అక్కడ దొరికిపోయాడు.
ఓడలో ఎత్తంటే నిచ్చెనే కదా.
చేతులు తొడల మీద వేసుకుని నడిచాడు.
సింహాచలం మెట్లు ఎక్కే కాళ్లు నావి,
ఆగకూడదనుకుని, ఆగాను.
పొమ్మని చెయ్యి ఊపాడు. పోలేదు.
ఆ రెండు నిమిషాలూ ఎవరికి నష్టమో
ఇప్పటికీ లెక్క వెయ్యలేదు.

వెనక్కి తిరిగాక సముద్రం ఎడమ పక్కకొచ్చింది.
ఇక అతన్ని పట్టేవాళ్లు లేరు.
జరిగి జరిగి ఇసక అంచు దాకా పోయి
ఉలిక్కిపడి రోడ్డెక్కేవాడు.
పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఫోను మోగింది.
పరిగెడుతూనే విన్నాడు.
పైలట్ తొమ్మిదికి ఎక్కుతాడు. రమ్మన్నారు.
నా వైపు చూసి ఏదో అన్నాడు,
ఈసారి అది ఇంగ్లీషు కాదు.
తర్వాత నాకు అతని మడమలే కనిపించాయి,
తర్వాత అవీ లేవు.

కాళీ గుడి దగ్గర గాలి నింపిన కమాను కింద
పతకం దండలా పట్టుకున్న పిల్ల అలాగే నిలబడుంది.
"ఆయన ఆగలేదండీ."
కమాను కిందనుంచి దూరి,
అరటిపళ్ల బల్ల దాటి,
ఫొటోలు దిగేవాళ్లని తోసుకుని,
లారీల పక్కన హార్బర్ గేటు వైపు.
పేరు గుండె మీద అలాగే ఉంది.

మహిళలు, యాభై పైబడినవారు:
వరహాలమ్మ, రెండో స్థానం.
తప్పని చెప్పడానికి నేనే వెళ్లాను.
ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పదకొండు రోజులకి అతని వాచీ ఎక్కడో సిగ్నలందుకుంది.
నా ఫోనులో బంగాళాఖాతం, అంతా నీలం.
మధ్యలో లాగి వదిలిన స్ప్రింగులా
ఒక ఎర్ర గీత, తూర్పుకి.
అతను చుట్లు తిరుగుతుంటే
కింద ఓడ పోతోంది.
కిలోమీటరుకి రెండు నిమిషాల నలభై అట.
నవ్వొచ్చింది. నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే నవ్వాను.
నట్లు నా దగ్గరుండిపోయాయి,
ఇప్పుడు దేంతో లెక్కపెడుతున్నాడో.
గీతని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను.
చుట్లన్నీ ఎడమకే.