నొక్కు, పట్టు

మొఖోత్‌లాంగ్‌లో జూన్ అంటే నడి చలికాలం.
స్పానర్ వేలికి అతుక్కుందంటే
కాస్త చర్మం తీసుకునిగానీ వదలదు.

మా మేనమామ మొహాపి లాండ్‌రోవర్
నాకన్నా పద్దెనిమిదేళ్ళు పెద్దది.
ఉన్నిమూటలు వేసుకుని కనుమ దిగుతాడు
రెండో గేరులో, ఈల వేసుకుంటూ.
"బ్రేకులా? ఉన్నాయి," అంటాడు,
దూరపు చుట్టాల గురించి చెప్పినట్టు.

పోయిన చలికాలం
బండిని కొండకి ఒరిపించి ఆపాడు.
ఎడమ తలుపు లోపలికి సొట్టపోయింది.
ఉన్ని మాత్రం చెక్కుచెదరలేదని
ఊరంతా చెప్పాడు.
తలుపు సంగతి ఎవరడిగినా
మళ్ళీ ఉన్ని దగ్గరికే వచ్చాడు.

డ్రమ్ము ఓ పట్టాన రాలేదు.
చుట్టూ సుత్తితో తడుతూ, బతిమాలుతూ, తిడుతూ
రెండోరోజు సాయంత్రానికి ఊడదీశాను.
లోపల
దాటిన ప్రతి వాగూ వదిలిన ఒండ్రు.
రివెట్లదాకా అరిగిన షూలు.
నూనె కక్కి నల్లబడ్డ సిలిండర్.
ఇన్నేళ్ళూ ఈ బండి దేనితో ఆగిందో
అడగబోయి ఊరుకున్నాను.

లేడీస్మిత్ నుంచి పెట్టె వచ్చింది:
ముందు చక్రాలకి డిస్కులు, కాలిపర్లు,
ఒక సర్వో, చుట్టచుట్టిన రాగిగొట్టం.
డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసి
"దీనిమీద రొట్టె కాల్చుకోవచ్చు," అన్నాడు.
గొట్టాన్ని మోకాలిమీద మెల్లగా వంచాను.
తొందరపడితే నలుగుతుంది,
నలిగితే మళ్ళీ మొదటికొస్తుంది.

గాలి తీయడానికి ఇద్దరుండాలి.
ఆయన సీట్లో, దుప్పటి కప్పుకుని.
నేను చక్రం పక్కన నేలమీద, జాము సీసాతో.
"నొక్కు."
"నొక్కాను."
"పట్టు."
"పట్టాను."
నిపుల్ తిప్పితే సన్నగొట్టంలో బుడగలు,
పొగతాగేవాడి పొద్దుటి దగ్గులా తెరలు తెరలుగా.
"ఇక వదులు."
నూనె నొక్కిన నొక్కుని నొక్కినట్టే మోసుకుపోతుంది.
గాలి ఉందే, ఎంత తొక్కినా అణిగిపోయి
మాటని చక్రందాకా చేరనివ్వదు.

దూరపు చక్రం ముందు, దగ్గరిది ఆఖర్న.
మూడో చక్రం దగ్గర
నేనేమీ అడక్కుండానే పైనుంచి గొంతు:
"ఆరోజు పక్కసీట్లో మ్పోలొకెంగ్ ఉంది.
ఒళ్ళో పసిదాన్ని పెట్టుకుని.
ఆ తలుపు వైపే."

నాకు ఆయన బూటు అడుగు ఒక్కటే కనిపిస్తోంది.
ఏమనాలో తెలీక
"పట్టు," అన్నాను.
పట్టాడు.
చాలాసేపు పట్టాడు.
సీసాలో ఒక్క బుడగా రాలేదు.

శనివారం కనుమ దిగాం.
ఐదో మలుపులో దారికడ్డంగా గొర్రెలు.
ఆయన తొక్కాడు.
మూటలన్నీ ఒక్కసారి ముందుకి జరిగి
మా వీపుల్ని గుద్దాయి.
బండి ఆగింది,
మొదటి గొర్రెకి మూరెడు దూరంలో.
అది మమ్మల్ని చూసి, నమిలేది నములుతూనే పోయింది.
ఆయన తన కాలినే చూసుకుంటున్నాడు,
ఎవరిదో అయినట్టు.

ఆరో మలుపు రాకముందే
మళ్ళీ రెండో గేరు, మళ్ళీ ఈల.
"ఇంకా ఎందుకు?" అన్నాను.
"బండికి అలవాటు," అన్నాడు.