బిళ్ళల బకెట్

దుకాణంవాడు చెప్పిన ధర రెండువేల ఎనిమిది వందలు.
కాఫీ డబ్బాలో ఉన్నవి ఆరువందల పన్నెండు.
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
నాన్న అడిగి తీసుకుని వెనకవైపు బొమ్మ గీశాడు:
చట్రం, దానిమీద బండి ఒళ్ళు, రెంటి మధ్యా సందు.
"ఈ సందులో ఎంత పెడితే అంత లేస్తుంది."

మంచం కొద్దీ కాళ్ళు చాపుకోమంటారు.
మేం తలపెట్టింది వేరు,
ముప్పై ఏళ్ళు దాటిన ఫోర్‌రన్నర్‌కి
కాళ్ళే పొడుగు చేయడం.

ఇదంతా ఒక తూము వల్ల.
కలప కంపెనీ అడవి రోడ్డుని వదిలేసి పోతూ
వాగు కింది తూముని కూడా పెకలించుకుపోయింది.
మా వేట గుడిసెకి దారి ఇప్పుడు గండి.
పోయిన అక్టోబరులో బండి పొట్ట అక్కడ రాతిమీద కూర్చుంది.
నాలుగు చక్రాలూ తిరిగాయి, ఎక్కడికీ పోలేదు.

టైర్లు దోనా గాన్యే దగ్గర దొరికాయి,
ముప్పై ఒక్క అంగుళాలవి, సగం అరిగినవి,
నాలుగూ కలిపి మూడువందలు, ఒకదానికి అతుకు.
"అతుకున్నదే గట్టిది," అన్నాడు,
అమ్మేవాడు ఇంకేమంటాడు.
మూడంగుళాలు పెద్ద టైరు వేస్తే
పొట్ట కింద దక్కేది ఒకటిన్నరే.
మిగతా ఒకటిన్నర చక్రం గూడు మింగేస్తుంది.
తగువంతా అక్కడే.

ముందువైపు టోర్షన్ బార్ల బోల్టులు బిగిస్తే లేచింది.
ఖర్చు సున్నా.
బదులుగా ఇకమీదట ప్రతి గుంటా మా పళ్ళకు తెలుస్తుంది.
వెనక స్ప్రింగుల మీదికి
పాతసామాన్ల కొట్టులో దిమ్మలు, నలభై డాలర్లు.
ఒంటికీ చట్రానికీ మధ్యకి మాత్రం
గరాజ్ మూలనుంచి నాన్న బకెట్ ఈడ్చుకొచ్చాడు.

హాకీ బిళ్ళలు.
అరీనాకి తాళం పడిన రోజు ఆయన తెచ్చుకున్నది అదొక్కటే.
ఇరవయ్యారేళ్ళు అక్కడ మంచుని నున్నగా దువ్వే యంత్రం నడిపాడు.
బెంచీల కింద, వల వెనక, ఎవరూ వెతుక్కోని బిళ్ళలు
ప్రతి ఏప్రిల్లో ఆయనకే దొరికేవి.
"అంగుళం మందం," అన్నాడు.
"ఏ ఊళ్ళో కొలిచినా అంగుళమే."

రాత్రి వాటిని ఫ్రీజర్లో పెట్టాడు, చేపముక్కల పక్కన.
వెచ్చటి రబ్బరు డ్రిల్లుని పట్టుకుని వదలదట,
గడ్డకట్టిందైతే బుద్ధిగా తెగుతుందట.
ఆటకి ముందూ అలాగే గడ్డకట్టించేవాడు, ఎగరకుండా.
పొద్దున్న ఒక్కొక్క బిళ్ళకీ నడిమధ్య రంధ్రం వేస్తున్నంతసేపూ
ఆ కాలిన వాసనలో
నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు.

పది బోల్టులు. చలికాలపు రోడ్ల ఉప్పు తిని బలిసిన తుప్పు.
రెండు విరిగాయి. ఒకటి కదలనంది.
దానికి నూనె పట్టించాం, మంట చూపించాం,
మా ఫ్రెంచిలో తిట్లన్నీ చర్చి సామాన్ల పేర్లే,
వాటన్నిటినీ వరసపెట్టి చదివాం.
పాత్ర దగ్గర కదల్లేదు, పీఠం దగ్గర కదిలింది.

ఒళ్ళు లేచేసరికి ఫ్యాను దాని గూటికి తగిలి కీచుమంది.
రేడియేటర్ని కిందికి దించాం.
గూటి అంచుని సుత్తితో వెనక్కి మడిచాం.
ఆదివారం చీకటిపడే వేళకి బండి
తనది కాని చెప్పులేసుకున్న పిల్లలా నిలబడింది.

నాన్న తలుపు తీశాడు. కాలెత్తాడు.
మోకాలు మార్చి ఏడాదైనా కాలేదు.
కాలు సగందాకా లేచి ఆగింది.
దించాడు. ఇంకో కాలెత్తి చూశాడు.
వాగుకి కొలిచాం, రాతికి కొలిచాం,
ఆయన మోకాలికి ఎవరం కొలవలేదు.

నావైపు చూడకుండా గరాజ్‌లోకి వెళ్ళాడు.
మిగిలిన బిళ్ళలు బల్లమీద కుమ్మరించిన చప్పుడు.
ఖాళీ బకెట్ తెచ్చి తలుపు కింద బోర్లించాడు,
దానిమీంచి ఎక్కి కూర్చున్నాడు.
పిడికి ముందే ఒక స్కేటు లేసు కట్టి ఉంది.
చేద తోడుకున్నట్టు
బకెట్‌ని పైకి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోనీ," అన్నాడు.

ఎడమకి పూర్తిగా తిప్పితే టైరు ఇంకా రాసుకుంటోంది.
చెప్పాను.
కాసేపు విన్నాడు.
వాగు దగ్గర మలుపు కుడికేగా, అన్నాడు.