అరవై ఒకటో వరుస

ఫిబ్రవరిలో మా రేవు గడ్డకడుతుంది.
పడవలు ఒడ్డెక్కి తెల్ల ప్లాస్టిక్ కప్పుకుని కూర్చుంటాయి.
మనుషులు నా దగ్గరికొస్తారు,
బూట్ల డబ్బాల నిండా రసీదులతో.
రసీదులన్నీ ఎరచేపల కంపు.

నేను పన్ను కాగితాలు నింపే మనిషిని.
లాండ్రీ పక్క గది. నేనేం అడిగినా
గోడవతల డ్రయ్యర్లు గుడగుడమంటూనే ఉంటాయి.
పైన టీవీలో, మూగగా,
రెండు కోట్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి
ఇదే సంగతి మీద.

ఓరిన్ థాక్‌స్టర్
డీజిలెంత, ఎరెంత, తాళ్ళెంత, గడగడా అప్పజెప్పాడు.
అరవై ఒకటో వరుస దగ్గర ఆగాం.
ఏడాది పొడుగునా ఆరోగ్య బీమా ఉందా?
ఒక చిన్న గడి.
టిక్కు పడితే సరే, పడకపోతే జరిమానా.

"లేదు" అన్నాడు, ఓటేసినంత గట్టిగా.
"కారుంటే కారుకి బీమా కడతాను.
ఖర్చనుకుంటే అమ్మేసి నడుస్తాను.
ఒంటిని అమ్మేసి ఎక్కడికి నడవను?
ఊపిరి తీస్తున్నందుకు బిల్లా?"

భార్య వెర్నాకి బడి వంటగది ఉద్యోగం, బీమా ఉంది.
ఇతన్ని చేర్చాలంటే నెలకి ఎనిమిది వందలు.
"ఏడాదికో పాత ఇంజను" అన్నాడు,
"సముద్రంలో పారేసినట్టు."

నాకు జవాబు వచ్చు. శిక్షణలో నేర్పారు.
గట్టివాడు పక్కకి తప్పుకుంటే
బరువంతా జబ్బుమనిషి భుజం మీదే పడుతుంది.
ఆ మాటే అన్నాను,
అతని ఎడమచెయ్యి చూడకుండా ఉండాలనుకుంటూ చూస్తూ.
రెండు వేళ్ళు సగం వరకే.
విన్చి లాక్కున్న రోజు ఆస్పత్రి అడిగింది పదకొండు వేలు.
ఇతను కట్టింది నాలుగు.
మిగతా ఏడూ ఎవరి బిల్లులో కలిశాయో
అడగలేదు. పన్ను ఫారంలో ఆ వరుస లేదు.

దానికి బదులు ఇంకోటి అడిగాను.
"నవంబర్లో స్మాలిడ్జ్ కుర్రాడి పడవ రాళ్ళకి కొట్టుకుంటే
రేవులో ఉన్న ప్రతి ఇంజనూ లేచిందే,
రానివాణ్ణి ఏం చేస్తారు?"

"మర్నాటికి వాడి బోనుల తాళ్ళు తెగుంటాయి."

"మరి అదీ జరిమానాయేగా?"

చాలాసేపు టోపీ అంచు నలిపాడు.
"కాదు. తాడు కోసినవాడు
మర్నాడు నా పక్కనే కాఫీ తాగుతాడు. నాకు తెలుసు వాడెవడో.
ఈ కాగితం కోసేవాడి మొహం నేను చూడను."

పెట్రోలు బంకులో, గల్లా పక్కన, ఓ మయొనైజ్ సీసా.
మీద ఎల్వుడ్ మనవరాలి ఫోటో, జుట్టు రాలకముందుది.
దాని అంచు కింద ఇంకెవరిదో చెవి.
ఆ చెవి కింద పాత జిగురు మరకలు,
ఎవరివో ఊళ్ళో అందరికీ తెలుసు,
ఎవరం అనం.
శుక్రవారం శుక్రవారం ఓరిన్ ఇరవై డాలర్ల నోటు
నాలుగు మడతలు పెట్టి మూత కంతలోంచి తోస్తాడు.
అలవాటు ఊరుకోనివ్వదు, గుణించాను:
ఏడాదికి వెయ్యి నలభై.
ఈ ఫారం నంబరు కూడా అదే.
నవ్వొచ్చింది, మింగేశాను.
జరిమానా ఆరువందల తొంభై ఐదు.

ఇదీ లెక్క అని చూపిస్తే ఏమంటాడు?
సీసా నేను వేస్తే నిండుతుంది,
అది నా చేత లాక్కుంటుంది అంటాడు.
ఎల్వుడ్ కూతురేమంటుందో కూడా నాకు తెలుసు:
సీసాలు నిండేదాకా కణాలు ఆగవు అంటుంది.
ఇద్దరికీ నేనే పన్నులు నింపుతాను.
ఇద్దరి ముందూ తలూపుతాను.

సంతకం పెట్టాడు, సగం వేళ్ళతో కాగితం అదిమిపట్టి.
తలుపు దగ్గర తిరిగి,
"నీకుందా?" అన్నాడు.

నా ఉద్యోగం ఏప్రిల్ పదిహేను వరకు.
నా ఫారం సొరుగులో ఉంది.
అరవై దాకా నింపాను.

"మంచు జారుతోంది, చూసి నడువు" అన్నాను.

గోడవతల డ్రయ్యరు ఆగిపోయింది.
ఎవరివో దుప్పట్లు, లోపలింకా వేడిగా.
తీసుకోడానికి ఎవరూ రాలేదు.
కాసేపు చూసి, వెళ్ళి
మడతపెట్టడం మొదలెట్టాను.