మోకాలు మడతబందు కాదు

తలుపు మడతబందుకు ఒకటే ఇరుసు.
మోకాలికి అలా కాదు.
వంగుతున్నకొద్దీ దాని ఇరుసు జరుగుతూ పోతుంది,
వెళ్ళొస్తానంటూనే గడప దగ్గర
ఇంకో మాట, ఇంకో మాట అనే చుట్టంలా.

ఇది పుస్తకంలో చదివాను.
తెలిసింది మాత్రం మొగులయ్య తొడ మీద,
పట్టీ కింద, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ చూశాకే.
ఆయనకు నొప్పి తెలియదు.
స్తంభం మీంచి పడ్డ పదకొండేళ్ళుగా
నడుము కింది వార్తేదీ పైకి రావడం లేదు.
అందుకే రోజూ సాయంత్రం పట్టీలు విప్పి
టార్చి వేసి చర్మాన్ని చదువుతాను.
ఆయన పడలేని నొప్పిని వెతకడం
నా ఉద్యోగంలో సగం.

బాలానగర్‌లో మా షెడ్డు.
గోడ అవతల ఖదీర్ భాయ్ లేత్,
అల్యూమినియం పొట్టు చెప్పుల్లోకి వచ్చి గుచ్చుకుంటుంది.
ఇంకో రెండు వందల గ్రాములు తగ్గించు భాయ్ అంటే
"ఇగ తగ్గిస్తే గాలే మిగుల్తది మేడమ్" అంటాడు.
తగ్గించిన చోటల్లా బ్యాటరీ వచ్చి కూర్చుంటుంది.
మనిషిని లేపడానికి మోటారు,
మోటారుకు బ్యాటరీ,
బ్యాటరీని మోయడానికి ఇంకాస్త మోటారు:
అప్పు తీర్చడానికి చేసే అప్పు.

మే నెల. రేకుల కింద మధ్యాహ్నం.
పొట్ట కండరం మీద అతికించిన సెన్సర్లు
చెమట పట్టి, వానలో రేడియోలా గరగరమంటాయి.
ఆ గరగరలో
లేస్తాననడం ఏది, దగ్గడం ఏది?
ఒకసారి దగ్గితే అడుగేసింది.
అందరం నవ్వాం.
ఆయన నవ్వలేదు,
పైనుంచి వేలాడే తాడును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

తర్వాత నీళ్ళు తాగి చెప్పాడు:
"వైరుకు అరచెయ్యి పెట్టొద్దు బిడ్డా.
చెయ్యి ఎనకపక్క తాకియ్యాలె.
కరెంటుంటే చెయ్యి దానంతటదే గుంజుకుంటది.
అరచెయ్యి పెట్టినోడు పట్టుకునే పోతడు.
నీ మిషిను నామీద సీదా అరచెయ్యే పెడ్తున్నది."

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
ప్రతి అడుగుకూ ముందు ఒక తాకుడు రాశాను:
నూట ఇరవై మిల్లీసెకన్లు,
చిటికెనవేలంత బలం.
మొండెం ముందుకు ఒరిగితే, పద.
లేదంటే, ఆగు.
నడక రెండేళ్ళలో నేర్చిన యంత్రానికి
తటపటాయింపు నేర్పడానికి పద్నాలుగు వారాలు.
ఇంకా పూర్తిగా రాలేదు.
కాలు ఉలిక్కిపడి బిగుసుకున్నప్పుడు
అది వద్దనడమో కాదో తేల్చుకోలేక
ఊరికే వణుకుతుంది.

నిన్న బయటికి తీశాం.
గేటు నుంచి టీ కొట్టుకు నలభై రెండు అడుగులు.
ల్యాబు నేల ఒక మర్యాద.
ఇక్కడ ఒక మూల తొక్కితే ఇంకో మూల లేచే బండలు,
అడ్డంగా ఆపిన బుల్లెట్, మూత లేని మ్యాన్‌హోల్ మీద
ఎవరో నిలబెట్టిన చెట్టుకొమ్మ.
ముప్పై ఒకటో అడుగు దగ్గర ఆగిపోయింది.
నేను రోడ్డు మీదే లాప్‌టాప్ తెరిచాను.
బ్యాటరీ ఉంది. మోటారు వేడెక్కలేదు.
"ఏం చూస్తవ్? నేనే ఆపిన,"
అన్నాడు మొగులయ్య, తల పైకెత్తి.
"ఆ జంపరు ఎవడు కట్టిండో గని, లూజున్నది."

టీ మా దగ్గరికే వచ్చింది.
ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గ్లాసు,
ఆ తీగ కిందే నిలబడి తాగాడు.

సాయంత్రం పట్టీ విప్పాను.
మచ్చ పోలేదు,
అరంగుళం పక్కకు జరిగింది.