పొట్లం

తార్తూలో రాత్రి పదకొండు దాటింది.
ఎమాయొగి నది మీద మంచు ఇంకా గట్టిపడలేదు,
అంచుల్లో మాత్రం పాల మీగడలా తేలుతోంది.
వంటగది బల్ల మీద నల్లరొట్టె ముక్క, చల్లారిన టీ.
ఉర్వె కళ్ళజోడు పైకి తోసి
మళ్ళీ మొదటి ఫైలు తెరిచింది.
పగలంతా పళ్ళాసుపత్రిలో బిల్లులు కొట్టే మనిషి.

ఈ లైబ్రరీ ఆవిడ రాసింది కాదు.
పొట్టి భాషలో చెప్పిన రంగుల్నీ అంచుల్నీ
బ్రౌజరుకి తెలిసే పొడుగు భాషలోకి విప్పుతుందది.
ఒక్కచోట "మా నీలం" అని పేరు పెడితే చాలు,
నాలుగొందల చోట్ల పులిమి వస్తుంది.
ఆవిడ పని పొట్లం కట్టడం.

కాగితం మడిచి దారం చుట్టడమే కదా
అనుకుంటారు.
కట్టాలంటే ముందు విప్పాలి.
ఏ ముక్క ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు,
ఊరికే ఇచ్చినదైనా
ఊరికే ఇచ్చామని రాసి ఉండాలి.
నోటిమాట చెల్లదిక్కడ.

మూడొందల పన్నెండు ఫైళ్ళు.
మూడొందల పదకొండు నోరు విప్పాయి.
మిగిలింది ఒక్కటే:
రంగుని లేతపరిచే లెక్క, ముప్పై ఎనిమిది లైన్లు,
పైన "ఫెర్మిన్ ఎచావె" అని ఒక పేరు,
కింద ఏమీ లేదు.

ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది.
పాత కంపెనీకి రాస్తే, ఆ కంపెనీయే లేదు.
ఆ ముప్పై ఎనిమిది లైన్లూ తనే కొత్తగా రాద్దామని కూర్చుంది ఓ ఆదివారం.
అయితే ఒకసారి చదివిన లెక్కని
చదవనట్టు రాయడం ఎలా?
చేతులు అతని దారినే పోతున్నాయి.
చెరిపేసింది.

ఆరో వారంలో నవార్రా కొండల నుంచి జవాబు.
గొర్రెపాల జున్ను చేస్తున్నాడట ఇప్పుడు.
"అది ఇంకా బతికే ఉందా?" అన్నాడు.
"తీసుకోండి, ఎవరైనా, ఎలాగైనా."
దాని కింద, కాస్త ఎడం వదిలి:
"ఇరవై ఆరో లైన్లో తప్పుంది.
సగం వస్తే పైకి జరపాలి, నేను కిందికి జరిపాను.
బూడిద రంగు వీసమెత్తు ముదురుగా వస్తుంది.
పద్నాలుగేళ్ళు.
ఎవరైనా అడుగుతారని చూశాను."

ఉర్వె లైను దగ్గరికి వెళ్ళింది.
ఒక్క గుర్తు మారిస్తే చాలు.
మారిస్తే, ఎక్కడెక్కడి పేజీల్లోనో బూడిద
ఒక్క రాత్రిలో తేలిపోతుంది.
ఆ ముదురుకి కళ్ళు అలవాటు పడ్డవాళ్ళెందరో.
పొట్లం కట్టేవాళ్ళు సరుకుని రుచి చూడొచ్చు,
ఉప్పు వెయ్యకూడదు.
లైబ్రరీ పెద్దలకి ఒక చీటీ రాసి పెట్టింది.
వాళ్ళిష్టం.

షరతుల ఫైల్లో పేరు చేర్చింది, అక్షరం అక్షరం చూసుకుని.
పదకొండు రకాల యంత్రాల మీద పరీక్ష.
పది పాసయ్యాయి.
అంకెల్ని వెనక నుంచి చదివే ఆ మొండి పదకొండోది
ఎరుపు అడిగితే నీలం ఇచ్చింది.

సరే, నువ్వు రేపు.

టీ పారబోసి కప్పు కడిగింది.
పొద్దున ఆసుపత్రిలో కంప్యూటరు తెరిస్తే
"నొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అన్న ప్రశ్న కింద
సన్నటి బూడిద గీత.
ఉర్వె మొహం దగ్గరగా పెట్టి చూసింది.
అవతల దవడ పట్టుకుని ఒకాయన
తన వంతేనా అని అడుగుతున్నాడు.